నాన్నగారి మొలలు, నా పాలిప్‌లు

గత ఏడాది దసరా సెలవుల్లో న్యూజెర్సీ నుంచి మా బాబాయిగారి అబ్బాయి ఫోన్ చేశాడు. కుశల ప్రశ్నలు అయ్యాక, "అన్నయ్యా, పెదనాన్నకు జబ్బు బయటపడినప్పుడు వయసెంత?" అని అడిగాడు. పద్దెనిమిదేళ్ల కిందట పోయిన మనిషి గురించి ఇప్పుడు ఈ ప్రశ్న ఎందుకో నాకు అర్థం కాలేదు. అతనికి నలభై అయిదు నిండాయట. ఏటా చూపించుకునే డాక్టరు ఇక పెద్దపేగు పరీక్ష చేయించుకోమని చెప్పి, కుటుంబంలో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా, వస్తే ఏ వయసులో వచ్చిందో రాసిమ్మని ఒక కాగితం చేతికిచ్చారట. "యాభై ఎనిమిది" అన్నాను. రాసుకున్నాడు. తరువాత, "నాకు పెదనాన్న, నీకు నాన్న కదా. నువ్వు చేయించుకున్నావా?" అన్నాడు.

"నాకేం బాధ లేదురా" అన్నాను.

"బాధ మొదలయ్యాక చేస్తే దాన్ని స్క్రీనింగ్ అనరు అన్నయ్యా" అన్నాడు.

ఆ మాట ఆ రాత్రంతా నన్ను వదలలేదు. రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ ఏడాదికోసారి చూపించుకుంటూనే ఉన్నాను. నాన్నగారిని తీసుకుపోయిన జబ్బు కోసం మాత్రం యాభై ఒకటో ఏట కూడా ఒక్క పరీక్ష చేయించుకోలేదు. అలాంటి పరీక్ష ఒకటుందని తెలియక కాదు. అది జబ్బు వచ్చినవాళ్లకు చేసేదని అనుకుంటూ ఉండిపోయాను.

నాన్నగారు గోదావరి జిల్లాలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు. పదవీ విరమణకు ఏడాది ముందు, 2003లో, ఆయనకు విరేచనంలో రక్తం కనిపించడం మొదలైంది. మా ఇళ్లలో విరేచనంలో రక్తం అంటే ఒకటే అర్థం, మొలలు. ఎవరూ సందేహించలేదు, ఆయనా సందేహించలేదు. కంద కూర వండారు, రాత్రిపూట మజ్జిగలో కరక్కాయ పొడి కలిపి ఇచ్చారు, ఎవరో చెబితే ఒక లేహ్యం తెప్పించారు. అవి పని చేయకపోతే పట్నంలో ఒక డాక్టరుగారికి చూపించాము. ఆయన ప్రశ్నలు అడిగి, "పైల్సే" అని, పూతమందూ పీచుపొడీ రాసి పంపించారు. ఆ రోజు ఆయన చేతికి తొడుగు వేసుకుని, వేలితో లోపల పరీక్షించి ఉంటే ఏమయ్యేదోనని నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు, ఎందుకంటే నాన్నగారి కంతి మలద్వారానికి ఆరు సెంటీమీటర్ల పైన, వేలికి అందే దూరంలోనే ఉంది. పద్నాలుగు నెలల తరువాత, బరువు తగ్గి, ముఖం పాలిపోయాక, విశాఖపట్నంలో గొట్టం వేసి చూసి బయాప్సీ తీశారు. పురీషనాళం తొలగించి, పొట్ట మీద సంచి అమర్చారు. విభూతి పెట్టుకోకుండా గడప దాటని మనిషి, ఆ సంచి వచ్చాక గుడికి వెళ్లడం మానేశారు. 2006లో పోయారు.

మొలలు ఉండటం, క్యాన్సర్ ఉండటం ఒకదానికొకటి అడ్డు కావు. మొలలు ఉన్నాయని తేలినంత మాత్రాన రక్తం వాటి నుంచే వస్తోందని రుజువు కాదు. ఇంత చిన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బస్టాండు గోడల మీద 'కోత లేదు, కుట్టు లేదు' అన్న పైల్స్ ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు నాన్నగారి పద్నాలుగు నెలలు గుర్తుకొస్తాయి.

తమ్ముడి ఫోన్ తరువాత ఉదర వ్యాధుల నిపుణుడి దగ్గరికి వెళ్లాను. ఆయన నా నాడి కూడా చూడకుండా కుటుంబ చరిత్ర అడిగి, "మీరు పదకొండేళ్లు ఆలస్యంగా వచ్చారు" అన్నారు. అమెరికాలో అనుసరించే లెక్క ప్రకారం, తల్లిదండ్రులలో గాని తోబుట్టువులలో గాని ఒకరికి అరవై ఏళ్ల లోపు పెద్దపేగు క్యాన్సర్ వస్తే, మిగిలినవాళ్లు నలభయ్యో ఏట మొదలుపెట్టాలి. లేదా ఆ మనిషికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్లు ముందు మొదలుపెట్టాలి. రెండింటిలో ఏది ముందొస్తే అది పాటించి, అక్కడి నుంచి అయిదేళ్లకోసారి కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోవాలి. నాన్నగారికి యాభై ఎనిమిది, పదేళ్లు తీసేస్తే నలభై ఎనిమిది, కాబట్టి నాకు నలభయ్యే వర్తిస్తుంది. కుటుంబంలో ఏమీ లేనివాళ్లకు అక్కడ ఒకప్పుడు యాభై ఏళ్లు గీత. చిన్న వయసులో ఈ జబ్బు పెరుగుతోందని గమనించి, 2021లో ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ అనే అక్కడి నిపుణుల సంఘం దానిని నలభై అయిదుకు దించింది. మా తమ్ముడికి కాగితం అందుకే వచ్చింది.

ఈ పరీక్ష ప్రత్యేకత నాకు డాక్టరుగారు చెప్పేదాకా సరిగా తెలియదు. ఛాతీ ఎక్స్‌రే గాని మామోగ్రామ్ గాని ఉన్న జబ్బును చూపిస్తాయి. కొలనోస్కోపీ జబ్బు పుట్టబోయే చోటును చూపిస్తుంది, చూపించిన చేత్తోనే దాన్ని తీసేస్తుంది. పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం పాలిప్ అనే చిన్న మొలక నుంచి పుడతాయి. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం 1980ల చివర ఈ దారిని జన్యువుల మెట్టు మెట్టుగా గుర్తించింది. ముందు ఏపీసీ అనే జన్యువు చెడి లోపొర మీద చిన్న పాలిప్ మొలుస్తుంది, తరువాత కేరాస్, ఆ తరువాత పీ53 వంటివి చెడుతూ, అది పెరిగి, రూపు మారి, చివరికి గోడను తొలుచుకుని పోతుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా పదేళ్లు, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్ కావు, చాలా తక్కువే అవుతాయి. ఏది అవుతుందో ముందుగా చెప్పలేము కాబట్టి క్యాన్సర్‌గా మారగల రకం పాలిప్‌ను, అంటే అడినోమాను, కనిపించిన ప్రతిదాన్నీ తీసేస్తారు. ఏమీ కనిపించకపోతే మామూలు మనిషికి పదేళ్ల దాకా మళ్లీ అక్కర్లేదనడం కూడా ఈ నిదానపు నడక మీద ఆధారపడిన మాటే.

1969కి ముందు పేగులో పైదాకా ఉన్న పాలిప్‌ను తీయాలంటే పొట్ట కోయవలసిందే. ఆ ఏడాది న్యూయార్క్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే ఇద్దరు శస్త్రవైద్యులు, వంగే గొట్టం గుండా ఒక తీగ ఉచ్చును పంపి, పాలిప్ మెడకు బిగించి, విద్యుత్తుతో తెంపారు. ఇప్పటికీ పద్ధతి అదే. కెమెరాలు మెరుగుపడ్డాయి గాని, ఉచ్చు ఉచ్చుగానే ఉంది.

పరీక్ష గురించి భయపడేవాళ్లు గొట్టం గురించి భయపడతారు. చేయించుకున్నవాళ్లను అడిగితే ముందు రోజు గురించే చెబుతారు. మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, జామ, టమాటా, పొట్టు పప్పులు, గింజలున్నవి ఏవీ తినవద్దన్నారు. తెల్లన్నం, వడకట్టిన చారు, ఇడ్లీతో గడిపాను. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు వారం ముందే ఆపాలట, అవి మలాన్ని నల్లగా, జిగురుగా చేసి లోపలి దృశ్యాన్ని చెడగొడతాయి. రక్తం పలచబడే మందులూ చక్కెర మందులూ వాడేవాళ్లు ఏది ఆపాలో, ఏది ఆపకూడదో డాక్టరునే అడగాలి తప్ప సొంతంగా నిర్ణయించకూడదు. నాకు రక్తపోటు మాత్ర ఒక్కటే కాబట్టి, దాన్ని మామూలుగానే వేసుకోమన్నారు.

ముందు రోజు సోమవారం, పైగా కార్తీక మాసం. ఉపవాసం ఎలాగూ కలిసొచ్చిందని మా ఆవిడ నవ్వింది. కొబ్బరినీళ్లు, పాలు లేని టీ, వడకట్టిన కట్టుచారు తప్ప ఏమీ లేదు. ఎర్రటి పానీయాలు వద్దన్నారు, ఎందుకంటే ఆ రంగు లోపల రక్తంలా కనిపిస్తుంది. సాయంత్రం ఏడింటికి పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి పొట్లం రెండు లీటర్ల నీళ్లలో కలిపి, సగం ఆ రాత్రికి, సగం తెల్లవారుజామున నాలుగింటికి అని రెండు సీసాల్లో పోసి పెట్టాను. పావుగంటకు ఒక గ్లాసు. రుచి ఎలా ఉంటుందంటే, నిమ్మ ఉప్పు సోడాలో నుంచి సోడానూ నిమ్మనూ తీసేసి, మిగిలినదానికి సబ్బు తగిలించినట్టు ఉంటుంది. చల్లగా చేసి, స్ట్రాతో, నాలుక వెనక్కి పడేలా తాగితే కొంత నయం. ఆ పొడి ఒంటికి పట్టదు, నీటిని తనతో పట్టుకుని పేగంతా కడుగుతూ బయటికి పోతుంది. లవణాలు కూడా అందులోనే సరిపాళ్లలో ఉంటాయి కాబట్టి, అన్నిసార్లు వెళ్లినా నీరసం నేననుకున్నంత లేదు. ఎనిమిదిన్నరకు మొదలైంది. పదకొండింటి దాకా బాత్రూముకూ మంచానికీ మధ్య తిరిగాను. ఎన్నిసార్లో ఏడు దాకా లెక్కపెట్టి మానేశాను.

తెల్లవారుజామున రెండో సీసా తాగడానికి లేవడం ఎంత కష్టమైనా, దాన్ని రాత్రే కలిపి తాగేయకూడదని నర్సు మరీ మరీ చెప్పింది. రాత్రి గడిచేలోగా చిన్నపేగు నుంచి దిగే రసాలు పెద్దపేగు మొదటి భాగం, అంటే కుడివైపు గోడల మీద పూతలా పడతాయట. సరిగ్గా అక్కడే, బల్లపరుపుగా, లేత రంగులో, మడతల వెనక దాక్కునే పాలిప్‌లు ఉంటాయి. నాలుగు గంటల సీసా ఆ పూతను కడిగేస్తుంది. ఆరున్నరకు బయటికొచ్చేది కొబ్బరినీళ్లకంటే కొంచెం పచ్చగా, అడుగు కనిపించేంత తేటగా ఉంది. అలా ఉంటేనే రండి, లేకపోతే ఫోన్ చేయండి అన్నారు ముందే. ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ చేస్తే మిగిలినదంతా వృథా అవుతుంది, మూసివున్న కిటికీలోంచి తొంగి చూసినట్టే.

పదింటికి లోపలికి తీసుకెళ్లారు. వెనక చీలిక ఉన్న పైజామా, ఎడమ చేతికి సూది. ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకోమన్నారు. పూర్తిగా నిద్రపుచ్చే మత్తు కావాలా, తేలికది చాలా అని అడిగితే తేలికది చాలన్నాను. చూడాలన్న కుతూహలమే తప్ప ధైర్యం ఏమీ కాదు. చిటికెన వేలంత మందం ఉన్న గొట్టం, అయిదడుగుల పైచిలుకు పొడవు. వంపుల దగ్గర గాలి పట్టేసినప్పుడు పొట్టలో ఒక మెలి పడుతుంది, నొప్పి అంటే అదొక్కటే. పేగు సాగితే నొప్పి తెలుస్తుంది గాని, లోపొరను కోస్తే తెలియదట. ఆ సంగతి కాసేపట్లో నేనే చూశాను.

గొట్టం చివరిదాకా, అంటే ఉండుకం మొదలయ్యే రంధ్రం దాకా వెళ్లినట్టు ఫోటో తీసుకున్నారు. అసలు పరీక్ష అక్కడి నుంచి వెనక్కి వచ్చేటప్పుడే మొదలవుతుంది. వెళ్లేటప్పుడు దారి చూసుకోవడమే, వచ్చేటప్పుడే ప్రతి మడత వెనకా చూస్తారు. ఈ తిరుగు ప్రయాణానికి కనీసం ఆరు నిమిషాలు పట్టాలని చాలాకాలం నియమం, 2024లో అమెరికా వైద్య సంఘాలు దాన్ని ఎనిమిదికి పెంచాయి. తొందరపడే చేతులకు పాలిప్‌లు తక్కువ దొరుకుతాయని లెక్కలు తేల్చాయి. తెర మీద నా పేగు తడిసిన లేత గులాబీ రంగులో, సాలెగూడులాంటి సన్నని రక్తనాళాలతో, నేననుకున్నదానికంటే శుభ్రంగా, చెప్పాలంటే అందంగా ఉంది. అడ్డంగా పోయే భాగంలో మడతలు ముక్కోణాల్లా ఒకదాని వెనక ఒకటి కనిపించాయి, పాతకాలపు మండువా లోగిట్లో వరసగా గుమ్మాలు కనిపించినట్టు.

ఆ గుమ్మాల్లో ఒకదాని పక్కన మొదటిది దొరికింది. నాలుగు మిల్లీమీటర్లు, పెసర గింజంత. డాక్టరుగారు వెలుగును నీలంగా మార్చి, దగ్గరికి వెళ్లి చూసి, సన్నని తీగ ఉచ్చు బిగించి లాగేశారు. ఒక చుక్క రక్తం వచ్చి ఆగిపోయింది. రెండోది సిగ్మాయిడ్ అనే చివరి వంపులో ఉంది. దాన్ని చూసి ఆయన మాట్లాడటం మానేశారు. తొడిమ మీద నిలబడిన పుట్టగొడుగులా, ముదురు ఎరుపులో, తల మీద మడతలతో, గొట్టం కదిలినప్పుడల్లా ఊగుతోంది. పన్నెండు మిల్లీమీటర్లు. ఉచ్చును తల మీదుగా జార్చి, తొడిమకు బిగించి, కాలితో మీట నొక్కారు. తెల్లగా కాలిన మచ్చ ఒకటి మిగిలింది, అక్కడ చిన్న క్లిప్పు పెట్టారు. నాకేమీ తెలియలేదు. "ఎన్నేళ్ల నుంచి ఉండి ఉంటుందండీ?" అని అడిగాను. "ఏళ్లే" అన్నారు, చూపు తిప్పకుండా.

వారానికి నివేదిక వచ్చింది. చిన్నది మామూలు ట్యూబ్యులర్ అడినోమా, పెద్దది ట్యూబ్యులో విల్లస్ అనే కొంచెం ఎక్కువ ప్రమాదం ఉన్న రకం, తక్కువ స్థాయి మార్పులు, తెగిన అంచు శుభ్రం, క్యాన్సర్ లేదు. సెంటీమీటరు దాటినది దొరికింది కాబట్టి మూడేళ్లకు మళ్లీ రమ్మన్నారు. మందులు, మత్తు, బయాప్సీ కలిపి పద్నాలుగు వేల చిల్లర అయింది. ఆసుపత్రిలో రాత్రి ఉండలేదు కాబట్టి బీమావాళ్లు ఇవ్వలేదు. క్యాన్సర్ వచ్చాక లక్షలు ఇచ్చేవాళ్లు అది రాకుండా చేసినదానికి రూపాయి ఇవ్వకపోవడం ఏ గణితమో నాకు అంతుపట్టలేదు.

ఇంత చెప్పాక, ఈ పరీక్షను అద్భుతమని అనుకునేవాళ్లకు లెక్కలు కూడా చెప్పాలి. పాలిప్‌లు తీసిన 1,418 మందిని గమనించిన అమెరికా నేషనల్ పాలిప్ స్టడీ, వాళ్లలో క్యాన్సర్ ఎదురుచూసినదానికంటే చాలా తగ్గిందని 1993లో ప్రకటించింది. అదే అధ్యయనంలో పాలిప్‌లు తీయించుకున్నవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ మరణాలు సగానికి పైగా తగ్గాయని 2012లో వచ్చింది. అది పరీక్షకు వచ్చినవాళ్ల లెక్క. పోలండ్, నార్వే, స్వీడన్‌లలో దాదాపు 85 వేల మందితో జరిగి 2022లో వెలువడిన నార్డిక్ అధ్యయనం మరో ప్రశ్న అడిగింది. కొందరికి పరీక్షకు రమ్మని ఉత్తరం పంపి, కొందరికి పంపకుండా ఉంటే పదేళ్లకు తేడా ఎంత? ఉత్తరం అందినవాళ్లలో క్యాన్సర్ 0.98 శాతం, అందనివాళ్లలో 1.20 శాతం. అంటే 18 శాతం తగ్గుదల. 455 మందిని పిలిస్తే ఒక్క క్యాన్సర్ ఆగింది. పత్రికలు ఇక కొలనోస్కోపీ దండగ అన్నట్టు రాశాయి. కాని ఉత్తరం అందినవాళ్లలో పరీక్షకు వెళ్లినవాళ్లు 42 శాతమే. వెళ్లినవాళ్లను విడిగా అంచనా కట్టితే తగ్గుదల 31 శాతం దాకా వచ్చింది. పాలిప్ పదేళ్ల నడక నడుస్తుందంటే, పదేళ్ల లెక్కలో పూర్తి ఫలితం కనిపించకపోవడమూ సహజమే. నా మట్టుకు, రెండు సంఖ్యలూ నిజమే అనుకుంటాను. మొదటిది దేశానికి, రెండోది మనిషికి.

ప్రమాదం లేదని కూడా అనలేము. పదివేల పరీక్షల్లో సుమారు మూడింటిలో పేగుకు రంధ్రం పడుతుంది, పాలిప్ తీసినచోట రక్తస్రావం అంతకంటే ఎక్కువసార్లు కావచ్చు. అందుకే చాలా దేశాలు అందరినీ నేరుగా గొట్టం దగ్గరికి పంపవు. ఇంగ్లండ్‌లో 50 నుంచి 74 ఏళ్లవాళ్లకు రెండేళ్లకోసారి తపాలాలో చిన్న పరీక్ష సీసా వస్తుంది. కొంచెం మలం పుల్లతో తీసి తిరిగి పంపితే, కంటికి కనిపించని రక్తం ఉందేమో చూస్తారు. ఉంటేనే కొలనోస్కోపీ. దీనిని ఫిట్ పరీక్ష అంటారు. జపాన్‌లో ఏళ్ల తరబడి వాడుతున్నదీ ఈ మలపరీక్షే. రెండేళ్లకోసారి చేసే ఈ మలపరీక్ష, మరణాలు తగ్గించడంలో ఒక్కసారి చేసే కొలనోస్కోపీకి తీసిపోదని 2025లో వచ్చిన స్పెయిన్ అధ్యయనం తేల్చింది. జనం ఎక్కువగా ముందుకొచ్చేది కూడా దీనికే.

మన దేశంలో ఈ జబ్బు పడమటి దేశాలంత లేదు. ప్రభుత్వం ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు చేసే క్యాన్సర్ తనిఖీలలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, పెద్దపేగు లేదు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. నలభై అయిదు దాటిన ప్రతి ఒక్కరికీ కొలనోస్కోపీ చేయడానికి డాక్టర్లూ చాలరు, మన జనంలో దొరికేదీ ఆ ఖర్చుకు తగినంత ఉండదు. కార్పొరేట్ ఆసుపత్రుల 'పూర్తి శరీర ప్యాకేజీ'లో దీన్ని ఆకర్షణగా చేర్చి అమ్మడం కూడా నాకు నచ్చదు. కాని ఇద్దరి విషయం వేరు. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చినవాళ్లు ఒకరు. కుటుంబంలో రెండు మూడు తరాల్లో పేగు, గర్భాశయ క్యాన్సర్లు చిన్న వయసులో వరసగా కనిపిస్తే లించ్ సిండ్రోమ్ అనే వారసత్వ దోషం కావచ్చు, వాళ్లలో చాలామందికి ఇరవైల్లోనే మొదలుపెట్టాలి. రెండోవాళ్లు విరేచనంలో రక్తం చూసినవాళ్లు, మలవిసర్జన అలవాటు వారాల తరబడి మారినవాళ్లు, కారణం తెలియని రక్తహీనత ఉన్నవాళ్లు. వీళ్లది అసలు స్క్రీనింగ్ కాదు, రోగనిర్ధారణ. వయసు ముప్పై అయినా, మొలలు కళ్లెదుట కనిపిస్తున్నా, ముందు డాక్టరు వేలితో చూడాలి. మీ డాక్టరు చూడకపోతే, మర్యాదగానే అడగండి. మేము అడగలేదు.

నివేదిక వచ్చిన సాయంత్రమే గుంటూరులో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేశాను. దానికి నలభై ఏడు నిండాయి, నాకు వర్తించే లెక్కే దానికీ వర్తిస్తుంది. మొదట "నాకేం బాధ లేదన్నయ్యా" అన్నది. తమ్ముడు నాతో అన్న మాటే దానికి అప్పజెప్పాను. సంక్రాంతి అయ్యాక అన్నది, తరువాత పిల్లల పరీక్షలయ్యాక అన్నది, ఆ తరువాత ఎండలు తగ్గాక అన్నది. చివరికి వచ్చే నెలలో ఒక గురువారం తేదీ తీసుకుంది. నిన్న రాత్రి పది దాటాక ఫోన్ చేసి, ముందు రోజు కాఫీ తాగవచ్చా అని అడిగింది. పాలు పోయకుండా అయితే తాగవచ్చని చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు.

"అయితే కొబ్బరినీళ్లే తాగుతాలే" అన్నది.